వెనక సీట్లో పిన్ని

అక్కా,

ఇక్కడ నేను కులాసా. అమ్మ నాకంటే కులాసా. నువ్వూ బావా పిల్లలూ కూడా అలాగే ఉన్నారని తలుస్తూ మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. వెంటనే జవాబు రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు. నువ్వు అడిగినవాటిలో ఒకదానికి ఎలా రాయాలో తెలియక కాగితం తీయడం, మళ్ళీ పెట్టేయడం, ఇదే సరిపోయింది. ముందు తేలికైనవి చెప్పేస్తాను.

అమ్మ మోకాళ్ళు ఫరవాలేదు. మెట్లు ఎక్కేటప్పుడు నన్ను తిడుతుంది, దిగేటప్పుడు ఆ మెట్లు కట్టినవాణ్ణి తిడుతుంది. నువ్వు పంపిన స్వెట్టరుకు చేతులు పొడుగయ్యాయి. మడిచి తొడుక్కుంటోంది కానీ ఒంటి మీద నుంచి తీయడం లేదు. కొత్త వ్యాను ఇచ్చారా అని అడిగావు. కొత్తది కాదు, పాతదానికే మా ఓనరు రంగు వేయించాడు. రెండో గేరు ఇప్పటికీ బతిమాలితే గానీ పడదు. ఈ లోయలో టూరిస్టు వ్యాన్లు నడిపే ఆడవాళ్ళం ఇప్పుడు ఇద్దరమయ్యాం. అందుకని నన్ను చూసి నోరు తెరిచేవాళ్ళు సగానికి సగం తగ్గారు. నా గది అదే, టైర్ల షాపు మీద. పొద్దున్నే పంక్చర్లవాడి సుత్తి చప్పుడే నాకు అలారం.

ఇంక ఫొటో సంగతి. ‘కొండ మీద అమ్మ ఫొటో బాగుంది, కానీ అమ్మ భుజం మీద ఆ చెయ్యి ఎవరిది? ఫొటో తీసింది నువ్వే కదా’ అని రాశావు. నీ కళ్ళు మామూలు కళ్ళు కావు. ఆ చెయ్యి పిన్నిది.

ఉత్తరం చింపకు. కాస్త ఓపిక పట్టి చదువు.

నాన్న పోయిన రోజు నీకు గుర్తులేక కాదు, కానీ ఒకసారి చెప్పుకుంటే తప్ప మిగతాది చెప్పలేను. ఇంటి నిండా జనం. పిన్ని తలుపు తోసుకుని వచ్చి, అమ్మను రెండు చేతులా పట్టుకుని, ‘పోనీలే అక్కా, పీడ వదిలింది నీకు’ అంది. అమ్మ లేచి నిలబడి, ‘నా గడప దిగు’ అంది. పిన్ని దిగింది. ఆ తర్వాత అమ్మ నోట చెల్లెలు అన్న మాటే రాలేదు. నువ్వు కూడా ఆవిణ్ణి క్షమించలేదు. నాన్నను అంత మాట అన్న మనిషి ఎవరైనా సరే, నీకు శత్రువే.

బాబాయి పోయాక పిన్ని నాకు ఫోన్ చేసింది. గొంతు గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది. తర్వాత అప్పుడప్పుడూ మాట్లాడుకునేవాళ్ళం. అమ్మ నా దగ్గరికి వస్తోందని ఒకసారి నోరు జారాను. వెంటనే పిన్ని, “నీ వ్యాన్లో ఇంకో సీటుందా?” అంది. ఉందన్నాను. అమ్మకు మాత్రం చెప్పలేదు. దారిలో ఒక పెద్దావిడ ఎక్కుతుందని చెప్పి ఊరుకున్నాను. అదీ అబద్ధం కాదు కదా.

పాత ఊళ్ళు చూపిస్తానని బయలుదేరదీసిన పొద్దున అమ్మ నా పక్క సీట్లో, ఒళ్ళో బిస్కెట్ల పొట్లంతో, పెళ్ళివారి కారులో కూర్చున్నంత దర్జాగా కూర్చుంది. పాత బస్టాండు దగ్గర పిన్ని నిలబడి ఉంది. ఆవిడ నవ్వితే వీధి చివరికి వినపడేదే, ఆ మనిషి ఇప్పుడు సగమైంది. జుట్టు పొట్టిగా, మొత్తం తెల్లగా. నేనైతే పోల్చలేకపోయేదాన్ని. అమ్మ అద్దంలోంచి ఒక్కసారి చూసింది, అంతే.

“ఆపు,” అంది.

“ఆగే ఉందమ్మా.”

“అయితే దిగుతాను.”

దిగేదే. కానీ సీటు బెల్టు ఎలా తీయాలో అమ్మకు తెలియదు. లాగిన కొద్దీ అది బిగుసుకుంటోంది. పిన్ని మాట్లాడకుండా వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. ‘ఇక్కడ ఎక్కువసేపు ఆపితే పోలీసు పట్టుకుంటాడు’ అని నేను బండి కదిలించాను. పోలీసు ఎక్కడా లేడు. రెండో గేరు మాత్రం ఆ రోజు ఒక్క దెబ్బకి పడింది.

మొదటి ఊరిదాకా ఎవరూ నోరు విప్పలేదు. లోయలోని పాత ఊళ్ళలో నాకు ఇష్టమైనది అదే. వీధులన్నీ ఇటుకలు పరిచి ఉంటాయి. ఊరి మధ్యలో చౌకు, అంటే వీధులన్నీ కలిసే ఖాళీ స్థలం, ఆ చౌకు మధ్యలో ఒకదాని మీద ఒకటిగా పెంకు కప్పులున్న గుడి. చెక్క స్తంభాలు నూనె పట్టించినట్టు నల్లబడి ఉంటాయి. మామూలుగా నేను వ్యాన్లోనే కూర్చుంటాను. ఆ రోజు వెంట వెళ్ళాను, వెళ్ళకపోతే ఇద్దరూ చెరో దారిన ఊరు దాటిపోతారేమోనని భయం. అనుకున్నట్టుగానే గుడిని అమ్మ ఒక పక్క నుంచి చూస్తూ వెళ్ళింది, పిన్ని ఇంకో పక్క నుంచి. గుడి వెనకాల ఎదురుపడ్డారు. ఇద్దరూ ఒకేసారి తలలెత్తి పావురాలను చూశారు. ఆ పావురాలకు జన్మలో అంత మర్యాద దక్కి ఉండదు.

అక్కడి నుంచి మాటలు మొదలయ్యాయి, కానీ అన్నీ నా ద్వారానే.

“ఆవిడకి చెప్పు, ఆ మెట్టు అరిగిపోయింది, పడుతుంది.”

“ఆవిడకి చెప్పు, నాకు కళ్ళున్నాయి.”

“ఆవిడకి చెప్పు, కళ్ళుండీ చూడని వాళ్ళు చాలామంది ఉంటారు.”

“ఇద్దరూ నాకు జీతమిస్తారా ఈ పనికి?” అన్నాను. అమ్మ నవ్వలేదు. పిన్ని అటు తిరిగింది, భుజాలు కదలడం మాత్రం కనిపించింది.

మధ్యాహ్నం రెండో ఊరు. అక్కడ పాత రాజుల మేడలో ఒక చెక్క కిటికీ ఉంది. ఎవరో రాణి, పుట్టింటివాళ్ళ కొండ కనబడేలా దాన్ని ప్రత్యేకం చెక్కించుకుందని అక్కడి గైడు అందరికీ చెబుతాడు. అమ్మ అతణ్ణి వదల్లేదు.

“అంత దగ్గరే అయితే వెళ్ళి రావచ్చుగా? చూసి ఏం చేసేదట?”

“ఏం చేస్తుందమ్మా, చూసేది, అంతే,” అన్నాడతను.

“కొందరికి ఆ మాత్రమే రాసిపెట్టి ఉంటుంది,” అంది పిన్ని వెనక నుంచి.

అమ్మ తిరిగి చూసింది. ‘ఆవిడకి చెప్పు’ అనబోయి, మానేసి మెట్లవైపు నడిచింది. ఆ సాయంత్రం లాడ్జిలో మూడు మంచాలున్న గది ఇచ్చారు. అమ్మ గోడవైపు మంచం, పిన్ని కిటికీవైపు మంచం తీసుకున్నారు. నడిమంచం ఎవరిదో వేరే చెప్పాలా?

మర్నాడు తెల్లవారుతుండగా కొండ మీదికి తీసుకెళ్ళాను. ఇక్కడివాళ్ళు వ్యూ పాయింటు అనేది దాన్నే. లోయంతా కాళ్ళకింద, ఎదురుగా మంచుకొండల వరస. మేం వెళ్ళేసరికి ఎదురుగా ఏమీ లేదు. పొగమంచు దుప్పటిలా కప్పేసింది. పక్కనున్న ఇనప కమ్మీలు కూడా సరిగా కనబడటం లేదు. మిగతా టూరిస్టులు కాసేపు చూసి, తిట్టుకుంటూ దిగిపోయారు. నేను టీ తెచ్చి ఇచ్చాను. చెక్కబల్ల ఒకటే ఉంది కాబట్టి ఇద్దరూ దాని మీదే కూర్చున్నారు, మధ్యలో బిస్కెట్ల పొట్లం. నేను కమ్మీలకు ఆనుకుని నిలబడ్డాను.

“నా వైపు చూడక్కర్లేదు, విను చాలు,” అంది పిన్ని. “మీ మరిది చాలాకాలం మంచాన పడి తీసుకున్నాడు. పోయిన రోజు పక్కింటావిడ వచ్చి, ‘పోనీలే, ఆయనకీ సుఖం, నీకూ విశ్రాంతి’ అంది. మంచి మనసుతోనే అంది. దాని చెంప పగలగొట్టాలనిపించిందక్కా. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఆ రోజు, అంతమంది మధ్య, నేను ఆ మాట అనాల్సింది కాదు.”

అమ్మ టీ గ్లాసును రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. తాగడం లేదు.

“నువ్వు తప్పు మాట అన్నావని కాదే నా కోపం,” అంది.

“మరి?”

“ఆ మాట అప్పటికే నా మనసులో ఉంది. పొద్దున్నుంచీ దాన్ని తొక్కిపెట్టి కూర్చున్నాను. నాకు ఏడుపు రావడం లేదు. ఎవరు కనిపెడతారోనని చచ్చిపోతున్నాను. నువ్వొచ్చి గట్టిగా అనేశావు. అందరూ నా మొహంలోకి చూశారు. నా పెద్ద కూతురు కూడా చూసింది. నిన్ను గెంటకపోతే, ఔనని నేను ఒప్పుకున్నట్టే కదే.”

పిన్ని చెయ్యి చాచి అమ్మ భుజం మీద వేసింది. “ఎంత చల్లగా ఉందే నీ చెయ్యి,” అంది అమ్మ. తియ్యమనలేదు. నేను ఫొటో తీసింది అప్పుడే. ఎందుకో పిన్ని మొహం రాకుండా తీశాను, నువ్వు చూస్తావని. వెనకాల తెల్లగా ఉన్నవి కొండలు కావక్కా, పొగమంచే. ఆ రోజు కొండలు కనబడనే లేదు.

ఇదే నేను రాయలేక ఆగిన సంగతి. అమ్మ రాయొద్దంది. ‘దానికి వాళ్ళ నాన్న మిగిలాడు, మిగలనీ’ అంది. చాలా ఆలోచించాను. ఫోన్లో చెబుదామంటే, నాన్న గురించి ఒక్క మాట అటూ ఇటూ అయినా నువ్వు పెట్టేస్తావు. ఉత్తరమైతే కోపం వచ్చి పక్కన పడేసినా మళ్ళీ తీసి చదువుతావు, నిన్ను నేనెరుగుదును.

నిన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళిన నాన్న అబద్ధం కాదు. ఆయన్ని నీ దగ్గర్నుంచి ఎవరూ తీసుకోరు. కానీ పని చేసే ప్రెస్సు మూతపడ్డాక ఇంట్లో మిగిలిన మనిషిని నువ్వు చూడలేదు. అప్పటికి నువ్వు పెళ్ళయి వెళ్ళిపోయావు. నేను చూశాను. అమ్మ ఎడమ మణికట్టు బాత్రూములో జారిపడి విరగలేదక్కా. అప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించింది పిన్నే. ఎవరికీ చెప్పనని అమ్మకు మాటిచ్చి, చెప్పకుండా ఉన్నదీ పిన్నే. ఆ రోజు ఆవిడ నోటి నుంచి వచ్చింది ద్వేషం కాదు, అన్నాళ్ళు పట్టి ఉంచుకున్న కట్ట తెగిపోయింది, అంతే.

వచ్చే వారం ఇద్దరూ కలిసి అమ్మ ఇంటికి వెళుతున్నారు. పిన్ని ఇక అక్కడే ఉంటుంది. ఇప్పుడు కూడా నా గదిలో తువ్వాళ్ళు ఎలా ఆరెయ్యాలన్న దాని మీద వాదించుకుంటున్నారు. పిల్లల సెలవులకు నువ్వు వచ్చినప్పుడు పిన్ని ఎదురవుతుంది. ఆ సంగతి ముందుగా తెలియాలని రాశాను. మాట్లాడాలని లేకపోతే మాట్లాడకు. రావడం మాత్రం మానకు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. కొండ దిగేటప్పుడు అమ్మ ముందు సీట్లో కూర్చోనంది. పిన్ని పక్కన వెనక కూర్చుంది. రెండు మలుపులు తిరిగాక ఏడుపు వినిపించింది. పిన్నేమో అనుకున్నాను. అద్దంలో చూస్తే అమ్మ.

“మొదట్లో ఎంత బాగుండేవాడే,” అంటోంది.

“ఔనక్కా,” అంది పిన్ని. “పెద్దది పుట్టినప్పుడు బావ ఆస్పత్రి వరండాలో చెప్పులు లేకుండా అటూ ఇటూ తిరుగుతుంటే, నేనే వెళ్ళి చెప్పులు వెతికి తెచ్చాను.”

అమ్మ ఇంకా గట్టిగా ఏడ్చింది. నాన్న కోసం అమ్మ ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. వ్యాను పక్కకు తీసి, ఇంజను ఆపి, అమ్మ ఏడ్చినంతసేపూ కూర్చున్నాను. నువ్వు కూడా ఉంటే బాగుండేదనిపించింది.

ఇట్లు,
నీ కోపానికి సిద్ధంగా ఉన్న
చెల్లెలు