రెండు కంప్యూటర్లకు ఒకే నెంబరు

హనుమమ్మత్తా,

నీ పెన్న వంపుల అంచు డిజైన్‌ను నీ తోడికోడలు ప్రమీలత్త చెరపలేదు. తప్పు నాది. తిట్టాలంటే నన్ను తిట్టు.

ఆమెకు కొత్త కంప్యూటర్ పెట్టినప్పుడు, మీరు మగ్గం మీద పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతికినట్టే, పని తొందరగా అవుతుందని నీ కంప్యూటర్‌లో ఉన్నదంతా అందులోకి దించాను. మీ ఇద్దరి డిజైన్లు దాచే సర్వర్ పెట్టెకు ప్రతి కంప్యూటరూ తన గుర్తు నెంబరు చెప్పి లోపలికి పోవాలి. నీ నెంబరు కూడా ఆమె కంప్యూటర్‌లోకి దిగిపోయింది. ఇక ఆమె తెరిస్తే, నువ్వే మళ్ళీ వచ్చావనుకుని పెట్టె నీ పనిని సగంలో తెంచేది. నువ్వు తెరిస్తే ఆమెది తెగేది. "కావాలనే తుడిపేస్తాండాది" అని నువ్వు ఆమెతో మాటలు మానేశావు.

నిన్న కర్నూలు బస్సులో కునుకు పట్టింది. కలలో ఒకే మగ్గం, మీ నాలుగు చేతులు, పడుగు మీద మెల్లగా పారుతున్న పెన్న. ఏ చేతులు ఎవరివో నాకూ తెలియలేదు.

ఈ పొద్దు నెంబర్లు వేరు చేశాను. పెట్టెలో సగంలో తెగిన ఆరు బొమ్మలు దొరికాయి. చెరిగిన నీ అంచును ప్రమీలత్త గుర్తు తెచ్చుకుని ఆరుసార్లు గీసింది. ఆరుసార్లూ నువ్వు తెరవగానే తెగిపోయింది.

అన్నిటికీ ఆమె పెట్టిన పేరు ఒకటే: 'అక్క అంచు'.

నీ మేనకోడలు