ప్రేయర్ రిక్వెస్ట్‌లో నా కూతురి పేరు

ఆదివారం, ఇర్వింగ్

ఇంకా ఒళ్ళు మండిపోతూనే ఉంది. ఈరోజు చర్చిలో సంఘపెద్ద సుధాకర్ గారు మైక్ పట్టుకుని, "మన షారోన్ కోసం ప్రార్థన చేద్దాం. అన్నం పెడుతున్న దేశాన్ని అవమానపరిచింది, ప్రభువు క్షమించాలి" అన్నారు. నా కూతురి గురించి! నేను ముందు వరసలో కూర్చుని ఉండగానే!

అదేం నేరం చేసింది? దాని కాలేజ్ బాస్కెట్‌బాల్ టీమ్ మొత్తం అమెరికా జాతీయ గీతం అయిపోయాకే కోర్ట్‌లోకి వస్తుంది. అప్పటిదాకా లాకర్ రూమ్‌లో కోచ్ మాట్లాడుతూ ఉంటుంది. రెండేళ్లుగా ప్రతి గేమ్‌కీ ఇదే వరస, నేను చూస్తూనే ఉన్నాను. గీతం పాడేటప్పుడు టీమ్ కోర్ట్‌లో లేదని ఎవడో వీడియో పెట్టేసరికి ఇప్పుడు దేశద్రోహం అయిపోయిందా? అంతమంది ఆడపిల్లల్లో ఈయనకి మా పిల్ల ఒక్కతే కనపడిందా? దాని ఆట చూడ్డానికి ఆయన ఒక్కరోజూ రాలేదు. ఆయన బాధ దేశం గురించి కాదు, ఇంకా చేతికి రాని గ్రీన్ కార్డ్ గురించి! షారోన్ ఇక్కడే పుట్టింది. దానికెందుకు ఆ భయం?

మధ్యాహ్నం షారోన్ ఫోన్ చేసింది. ఎవరో చెప్పేశారు.

"మమ్మీ, అంకుల్ అలా ప్రే చేస్తుంటే నువ్వేం అన్నావ్?"

సిగ్నల్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను.

అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను.