ఐదో రోజు పారేసే పళ్లెం

ఆసుపత్రి పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఆరో వార్డు, పన్నెండో మంచం రోగి మోకాలిలోని క్రిమి ఏ రకమో తేలేవరకు ల్యాబ్‌లోని పళ్లెం పారేయకుండా ఉత్తర్వు ఇప్పించుట గురించి.

నేను రికార్డు గదిలో ముప్పైనాలుగేళ్లు గుమాస్తాగా పనిచేసి విరమించినవాడను. పై రోగి నా భార్య.

1. రెండేళ్ల క్రితం ఆమెకు కుడి మోకాలి కీలు మార్చారు. మూడు నెలలుగా అది వాచి చీము కారుతున్నది.

2. మోకాలి నుంచి సూదితో నీరు తీసి, అందులోని క్రిములను పళ్లెంలో పెంచి చూడమని రెండుసార్లు ల్యాబ్‌కు పంపారు. రెండుసార్లూ ఐదో రోజున "క్రిములు లేవు" అని రాసి పళ్లెం పారేశారు. క్రిములు లేనిచో ఆ చీము ఎవరి పనో కాగితంలో రాయలేదు.

3. ఎముకల డాక్టరు గారు చెప్పినది: "ఇది నిదానంగా పెరిగే రకమై ఉంటుంది. పది పన్నెండు రోజులకు గానీ కనబడదు. ఏదో తెలిస్తే తగిన మందిచ్చి కొత్త కీలు వేస్తా. తెలియకుండా వేస్తే అదీ చెడిపోతుంది. ఆ తర్వాత మోకాలు వంగదు."

4. మూడో పళ్లెం ఇప్పుడు ల్యాబ్ వెచ్చపెట్టెలో ఉన్నది. రేపటికి ఐదో రోజు. పద్నాలుగు రోజులు ఉంచమని టెక్నీషియన్ గారిని అడిగాను. "నాదేం పోయింది బాబాయ్, పెట్టెలో బోలెడు చోటుంది. కానీ ఐదో రోజు తీసేయాలని రూలు. పైనుంచి కాగితం పట్రా" అన్నారు.

5. కాగితం కోసం తమ కార్యాలయానికి వెళ్లగా, అర్జీ పరిశీలనకు పద్నాలుగు రోజులు పట్టునని గుమాస్తా గారు సెలవిచ్చారు. అర్జీకి దక్కిన గడువు పళ్లానికి దక్కకపోవడం గమనించ ప్రార్థన.

6. ఇది విని నా భార్య అన్న మాట యథాతథంగా: "ముప్పైనాలుగేళ్లు ఎవరి ఫైలూ కదలనివ్వలేదే మహానుభావుడు! నా మోకాలి దగ్గరికొచ్చేసరికి ఒక్క పళ్లెం ఆపడం చేతకాలేదా?" దీన్ని ఖండించుటకు నా వద్ద ఆధారములు లేవు.

కావున రేపటిలోగా ఉత్తర్వు దయచేయించి, ఆమె మోకాలిని కాపాడవలెనని చిత్తగించ మనవి.

తమ విధేయుడు,
పన్నెండో మంచం ఆమె భర్త

తా.క.: అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకున్నాక, ఈ నాలుగు ముక్కలు రాయడానికి వెనక్కి అడిగి తీసుకున్నాను. తమ గుమాస్తా గారిచ్చిన రసీదు మీద "విచారణలో ఉన్నది" అని ఎర్రటి ముద్ర ఉంది. దాన్ని పట్టుకెళ్లి ల్యాబ్‌లో చూపించాను. టెక్నీషియన్ గారు రెండుసార్లు చదివి, పళ్లెం మూతకు అంటించి, "విచారణలో ఉన్నదాన్ని పారేయడానికి నేనెవర్ని బాబాయ్?" అన్నారు. కాబట్టి రేపటిలోగా ఉత్తర్వు కావాలన్న మనవి మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. పద్నాలుగు రోజులు నిండేదాకా ఈ అర్జీ మీద దయచేసి ఏమీ చేయకండి. తమ కార్యాలయం మీద మాకా నమ్మకం ఉంది.