ఖజ్నా పేరున ఉన్న కొండ

ఐన్ జుహ్రా, అజ్లూన్ కొండలు
ఆదివారం, 15 అక్టోబరు 1978

గౌరవనీయులైన షామా వదినగారికి,

మీ తమ్ముడు ముతీబ్ భార్య నౌఫా సలాములు. మీరూ, అన్నయ్యగారూ, పిల్లలూ అల్లా దయవల్ల క్షేమమని తలుస్తాను. ముందుగా నా రాతకు క్షమించండి. నాలుగో తరగతిలోనే బడి మానిపించారు. అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులు కూడా ఉంటాయి. మీరు నన్ను ఎప్పుడూ చూడలేదు. మీ నాన్నగారు పోయినప్పుడు మీరు వాటా అడిగారనీ, ఫలాహ్ బావగారు మిమ్మల్ని వాకిట్లోంచే పంపేశారనీ, అది జరిగిన రెండేళ్ళకు నేను ఈ ఇంటికి వచ్చాననీ మీకు తెలిసే ఉంటుంది. వాటాకు బదులన్నట్టు ఏటా పంపే ఆలివ్ నూనె డబ్బా మీరు తిప్పి పంపిన ప్రతిసారీ బావగారు ఊరంతా వినేలా తిడతారు. నాకు మాత్రం లోపల సంతోషంగా ఉంటుంది.

ఇక్కడ ఆలివ్ పళ్ళు కోతకు వచ్చాయి. ఈసారి కాపు బాగుంది. అత్తయ్య మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మా మూడో పాపకు పళ్ళు వస్తున్నాయి, రాత్రంతా ఏడుపే. ఇవి చెప్పడానికి కాదు రాస్తున్నది. కడుపు మండిపోతోంది వదినా, ఎవరితోనూ అనలేక రాస్తున్నాను.

వేసవిలో మీ అన్నదమ్ములు ఇర్బిద్ నుంచి ఒకాయనను పిలిపించారు. ఉస్తాద్ ఇస్కందర్ అని. తుర్కులు మనల్ని ఏలిన కాలం నాటి భూమి కాగితాలు వెతకడం, వంశవృక్షాలు రాసివ్వడం ఆయన పని. పై కొండ మీద వేసవి ఇల్లు కట్టుకుంటానని అమ్మాన్ ఆసామి ఒకడు అడుగుతున్నాడు. మూడు తరాల కాగితం చూపిస్తే తప్ప అమ్మనివ్వరట. సరే ఆ కొండ పత్రం ఎలాగూ వెతుకుతున్నాడు కదా, మగవాళ్ళు కూర్చునే గదిలో పెట్టుకోవడానికి వంశవృక్షం కూడా గీయించండి అన్నారు బావగారు.

చెట్టు ముందు వచ్చింది. గాజు ఫ్రేములో, పచ్చరంగు ఆకులతో. బావగారి కొమ్మకు నలుగురు కొడుకులు, నాలుగు ఆకులు. మీ తమ్ముడి కొమ్మ బోడిగా ఉంది. ఆయన చేతులు కడుక్కుంటుంటే నీళ్ళు పోస్తూ, మన పిల్లలు ముగ్గురూ ఏరీ అని అడిగాను. అడగడానికే నాకు రెండు రోజులు పట్టింది. ఆడపిల్లల్ని చెట్టు మీద ఎవరు రాస్తారే పిచ్చిదానా, వాళ్ళు ఇంకొకరి చెట్టుకి పోయేవాళ్ళు, నువ్వు కొడుకుని కను, రేపే ఆకు వేయిస్తాను అన్నారు. మరి మిమ్మల్నందరినీ ఆ కొమ్మే కన్నదా అని అడగాలనిపించింది. టవల్ అందించాను.

పోయిన బుధవారం ఉస్తాద్ మళ్ళీ వచ్చాడు. నేను టీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మం దగ్గరే ఉన్నాను. మాట్లాడని మనిషికి చెవులు కూడా ఉండవనుకుంటారు వీళ్ళు. కొండ మీ నాన్న పేరున లేదు, మీ తాత పేరున అంతకంటే లేదు అన్నాడు ఉస్తాద్. తుర్కులు భూమి రాసుకునేటప్పుడు ఏ మగాడి పేరు పడితే వాణ్ణి సైన్యానికి పట్టుకుపోతారని జనం భయపడేవారట. అందుకని మీ నాన్నగారి చిన్నాన్న తన భార్య ఖజ్నా పేరు రాయించి వచ్చాడట. ఆడదాన్ని యెమెన్ యుద్ధానికి తీసుకుపోరు కదా అన్నాడు ఉస్తాద్. మీ అన్నదమ్ములు తొడలు చరుచుకుని నవ్వారు. ముసలోడు నక్క, తుర్కునే బోల్తా కొట్టించాడు అన్నారు బావగారు.

ఉస్తాద్ టీ తాగి, ఆ ఖజ్నాకు ఒక్కతే కూతురు, ఆవిడే మీ అమ్మ, కొండ మీ అమ్మది అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. మా అమ్మదంటే మాదే కదా, అక్కడికి వదిలెయ్ ఉస్తాద్ అన్నారు బావగారు. మీకు అంతేనేమో, ఆఫీసులో మాత్రం ఆవిడ వచ్చి వేలిముద్ర వేయాలి, ఆవిడ పోయాకైతే వారసురాలిగా మీ చెల్లెలు కూడా రావాలి అన్నాడాయన. అందుకే ఇప్పుడే వేయిద్దాం, ఎక్కడ వేయమంటే అక్కడ వేస్తుంది అన్నారు మీ అన్నగారు. మీ తమ్ముడు సరేనన్నట్టు తలకాయ ఊపారు, అంతే.

ఇప్పుడు అత్తయ్యకు ఏం చెప్పారో తెలుసా? హజ్ కాగితాలట! గురువారం అజ్లూన్ తీసుకెళ్తాం, వేలు వేస్తే చాలు, మక్కాకు పోవచ్చు అని. ఆవిడ నా చేత తెల్ల బట్టలు కుట్టించుకుంటోంది. సూది గుచ్చిన ప్రతిసారీ వాళ్ళిద్దరి నోళ్ళూ కుట్టేస్తున్నట్టు గుచ్చుతున్నాను. కన్నతల్లికి దేవుడి పేరు చెప్పి మోసం చేసేవాళ్ళు రేపు నా ముగ్గురు పిల్లలకు ఏం మిగులుస్తారు?

వదినా, గురువారం పొద్దున్నే భూమి ఆఫీసుకు రండి. మీ అమ్మకు మీరు చెప్తేనే నమ్ముతుంది. ఈ ఉత్తరాన్ని మీ ఊరికి వచ్చే జర్కా బస్సు డ్రైవరు భార్య చేతికిస్తున్నాను. చదివిన వెంటనే పొయ్యిలో వేసి కాల్చేయండి. మీ తమ్ముడి కంటపడితే నా పిల్లలతో సహా రోడ్డు మీద ఉంటాను.

మీ చెల్లెలిలాంటి,
నౌఫా

తా.క. ఉత్తరం మడుస్తుంటే అత్తయ్య వచ్చింది. దాచబోయాను. దాచకు, చదువు అంది. మొత్తం చదివాను. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. హజ్ కాగితాలకు భూమి ఆఫీసుకు తీసుకెళ్తారా ఎవరైనా, నాకు కళ్ళు తగ్గాయి గానీ బుర్ర తగ్గలేదు అంది. కొండ వాళ్ళమ్మదని ఆవిడకు పెళ్ళికి ముందు నుంచే తెలుసట. మిమ్మల్ని వాకిట్లోంచి పంపేసిన రోజు కూడా తెలుసట. పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తూ అన్నీ విన్నాను, నా కొండ నా కూతురికిస్తాను అంటే సరిపోయేది, కొడుకులు రొట్టె పెట్టరని భయపడ్డాను అంది. గురువారం షామా వస్తే వేలు వేయనుగాక వేయను, రాకపోతే ఇద్దరి మధ్య ఒక్కదాన్ని, వేలు ఎటు లాగితే అటు పోతుంది అని కూడా అంది.

నాకు ఆవిడ మీద కూడా ఒళ్ళు మండింది. ఆవిడ నా ఎదురుగానే కూర్చుని ఉంది, అయినా రాస్తున్నాను. ఆవిడకు చదవడం రాదు. ఏం రాస్తున్నావు అంది. మీరు చెప్పిందే అన్నాను.

మీకు రావాలనిపించకపోతే తప్పు మీది కాదు. మీరు రాకపోతే ఆవిడ పక్కన నేను కూర్చుంటాను. వాళ్ళు ఆవిడ వేలు పట్టుకుంటే నేను మణికట్టు పట్టుకుంటాను. ఉస్తాద్ చెప్పిందంతా ఆఫీసరు ముందు చెప్తాను. నా గొంతు ఎంత ఉందో నాకే తెలియదు, ఆ రోజు తెలుస్తుంది. అందరి ముందూ చెప్పబోయే మాటే కాబట్టి, ఈ ఉత్తరాన్ని ఇక కాల్చక్కర్లేదు.