వేలాయుధన్ పోయవలసిన అనాసపండు

మాన్నార్ కంచువీధిలో పోతపని చేసుకుని బతికిన చెల్లప్పన్ ఆచారి అనే నేను, కాళ్లు మాట వినకపోయినా తెలివి పూర్తిగా స్వాధీనంలో ఉండగా, భార్య తొందరపెట్టడం తప్ప ఇంకెవరి ఒత్తిడీ లేకుండా, వకీలు చేత రాయించిన వీలునామా ఇది.

1. ఇల్లు, పెరడు, బ్యాంకులో ఉన్నది నా భార్య భార్గవికి సర్వహక్కులతో చెందవలసినది. ప్రతి చుట్టూ ముందుదానికన్నా ఒకే పాళ్లలో పెరిగేలా నేను ఏళ్ల తరబడి కుస్తీ పట్టి పోసిన కంచు నత్తగుల్ల కూడా ఆమెదే. అప్పడాలు ఎగిరిపోకుండా దాన్నే బరువు పెడుతుంది. ఎగ్జిబిషన్లో కన్నా అది అక్కడే అందంగా ఉంది.

2. కుమార్తె సుమంగళకు కంచు పొద్దుతిరుగుడు పువ్వు. చిన్నప్పుడు అనాసపండు మీద సిరాచుక్కలు పెట్టి, "నాన్నా, కళ్ల వరసలు ఇటు ఎనిమిది, అటు పదమూడు!" అని అరిచింది తనే. ఆ పండు ఎవరమూ తినలేకపోయాం. నా చేత దీపాలు మాన్పించి గింజలూ గుల్లలూ పోయించింది ఆ అరుపే. నా బంగారు తల్లి.

3. అల్లుడు ప్రభాకరన్ ఓణానికి వచ్చినప్పుడల్లా, "మామయ్యా, ఇవన్నీ కరిగిస్తే ఎన్ని గుడిగంటలొస్తాయో!" అంటాడు. అతనికి పెద్ద కంచు ఉరుళి గిన్నె. పాయసం కాచుకోవలసినది. బొమ్మల జోలికి రాకూడదు.

4. కొలిమి, మూసలు, పనిముట్లు నా తమ్ముడు వేలాయుధన్‌కు. వీధికి అవతలే ఉంటూ పదిహేనేళ్లుగా నాతో మాట్లాడనివాడు. మొదటి అనాసపండును మైనంతో చేసి, మట్టి పూయడానికి ఉంచితే, వాడు వరసలన్నీ రెండు వైపులా సమానంగా సర్దేశాడు. దీపపు సెమ్మె ఒక పక్కకు ఒరిగితే నూనె కారిపోతుంది. జన్మంతా సెమ్మెలు సరిచేసిన చెయ్యి అది. పోత పోసి మట్టి పగలగొట్టాక గానీ నేను చూసుకోలేదు. మైనం కరిగిపోయాక ఇక దిద్దడానికేముంది? "వంకరగా ఉందని సరిచేశానన్నా" అన్నాడు. నేనన్న మాటలు ఇక్కడ రాయడానికి వకీలు ఒప్పుకోలేదు. వాడు పటకారు తీసుకుని వెళ్లిపోయాడు.

5. అల్మరాలో రెండో అనాసపండు, మైనంలో, సిద్ధంగా ఉంది. నా చేతులు వణుకుతున్నాయి. మంట రంగు చూసి పోసే అదను తెలిసినవాడు వేలాయుధన్ ఒక్కడే. వాడే పోయాలి. మైనం నా చావుదాకా ఆగదు, విషు పండగ ఎండలకు జారిపోతుంది. కనుక ఈ షరతు నేను బతికుండగానే అమలు కావాలి. వీలునామాలో అలా కుదరదంటాడు వకీలు. కుదరాలంటాను నేను. వాడు పక్కన లేకుండా పోసిన ఏ పోతా నాకు సంతోషం ఇవ్వలేదు.

సంతకానికి ముందు చేర్చినది: నాకు చెప్పకుండా భార్గవి సాక్షి సంతకానికి వేలాయుధన్‌నే పిలుచుకొచ్చింది. ఆస్తి పుచ్చుకునేవాడు సాక్షి కావడం మంచిది కాదని వకీలు కలం వెనక్కి తీసుకున్నాడు.

"అయితే నాకేం రాశావన్నా?" అన్నాడు వాడు.

నేను అల్మరా చూపించాను. ఇప్పుడు దాని ముందు నిలబడి వరసలు చూస్తున్నాడు. ఈసారి చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

మాన్నార్, కొల్లం శకం 1194, మీనమాసం 20.

(సంతకం) చెల్లప్పన్ ఆచారి

సాక్షులు:
కుంజుకుట్టి తరకన్, టీకొట్టు
మరియామ్మ చాకో, పక్కింటి టీచరు