రెండో కార్బురేటర్ మీద పసుపు

మచిలీపట్నం,
మాఘ శుద్ధ నవమి, గురువారం.

తమ్ముడూ రఘూ,

నీ సంవత్సరీకం నిన్న అయింది. ఈ రోజు నీ పాత కారు బాగుపడింది కనుక రాస్తున్నాను.

రోడ్డు మీద కాస్త ఆపితే చాలు ఇంజను ఆరిపోతోందని నీ కొడుకు దాన్ని తుక్కుకు బేరం పెట్టాడు. నేను వారం గడువు అడిగి, నీ గుడివాడ మెకానిక్ కోటేశ్వరరావును పిలిపించాను. అతను రబ్బరు గొట్టం ఒక కొస చెవికి, రెండో కొస ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి అందించే రెండు కార్బురేటర్లకూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి విన్నాడు.

"ముందుది ఈల వేస్తోందండీ, వెనకది గురక పెడుతోంది. రెండూ ఒకేలా గాలి పీల్చాలి. ఇదిగో, వెనకదాని స్క్రూ తిరగదు. పసుపు గడ్డకట్టేసింది."

ప్రతి ఆయుధపూజకూ అక్కడ బొట్టు పెట్టింది నేనే. ఇంజను ఆగినప్పుడల్లా నీకు కారు చూసుకోవడం చేతకాదని నలుగురిలో అన్నదీ నేనే.

"అప్పుడే గోకెయ్యలేకపోయావా?" అని కసిరాను.

"గోకబోతే రఘు గారు ఊరుకునేవారు కాదండీ. 'మా అక్క పెట్టిన బొట్టురా, ముట్టుకోకు' అనేవారు."

"ఇప్పుడు గోకు," అన్నాను.

శుభ్రం చేసి, రెండు స్క్రూలూ సమంగా తిప్పాడు. పావుగంట నిలబడి విన్నాను. ఇంజను ఒక్కసారీ తడబడలేదు.

ఇక జరగవలసినవి:

1. తుక్కు బేరగాడిని రావద్దని నీ కొడుకు ఈ రోజే చెప్పాలి.
2. దసరాకు బొట్టు బానెట్ మీదే పెట్టాలి.
3. పౌర్ణమికి మీ ఆవిడను హంసలదీవి సముద్రస్నానానికి ఇందులోనే తీసుకెళ్లాలి. అవనిగడ్డ రోడ్డు మీద ఆగిపోయిన నాటి నుంచి నేను నీ కారెక్కలేదు. ఈసారి ఎక్కుతాను.

మీ అక్క