పెత్రమాస నాడు నీ పేరు

తమ్మీ,

నీ ప్రాణం నువ్వే తీసుకున్నావని, ఆ రోజు నుంచి బాపు ఇంట్లో నీ పేరు ఎత్తనివ్వలేదు. పోయినేడు పెత్రమాసకు పెద్దల పేరున బియ్యం ఇచ్చినప్పుడు కూడా నిన్ను కలపలేదు.

ఈమధ్య నిజామాబాద్ ఆసుపత్రి నుంచి ఒక పాస్టరమ్మ మన బోధన్‌కు వచ్చి అవ్వ దగ్గర కూర్చుంటోంది. నీలాగా పోయినవాళ్ల ఇండ్లకు వెళ్లడమే ఆమె పని. ఏసు మాట ఎత్తదు, ఎందుకు పోయాడని అడగదు. మొదటి రోజు మాత్రం "కొడుకు పేరేందక్కా?" అన్నది. అవ్వ నోరు తెరిచింది గానీ పేరు బయటికి రాలేదు.

"తొందరేం లేదక్కా, మళ్లొస్త" అని చాయ్ తాగి వెళ్లింది. అన్నట్టే వస్తూనే ఉంది.

నిన్న మళ్లీ పెత్రమాస. అవ్వ చాటలో బియ్యం, సొరకాయ పెట్టింది. అయ్యగారు పేర్లు అడిగితే బాపు, తాత పేరు చెప్పి ఆగిపోయాడు.

"ఇంకొకడున్నడు" అన్నది అవ్వ. "నా కొడుకు. రమేశ్."

వాడకట్టులో ఆడుకునే నిన్ను అన్నానికి పిలిచినంత గట్టిగా అన్నది. అయ్యగారు తలొంచుకుని నీళ్లు వదిలారు. మేం ముగ్గురం నీ అర్ర తలుపు వైపు తిరిగాం. అవ్వ ఇంకేదో అనబోతే, బాపు చెయ్యెత్తి ఊరుకోమన్నాడు, లోపలినుంచి నువ్వు పలికితే వినబడదేమోనని.